నోటు పుస్తకంలో ఆరో గడి

ఆ సాయంత్రం మా ఇంటి ముందర ఉన్నవాళ్ళు ఏడుగురు: నాయన, అమ్మ, అవ్వ, చెల్లెలు, చిన్నాయన, ఎదురింటి జెండా మామ, నేను. ఇంకా ఉన్నవి: రెండు ఎద్దులు, గోడకు ఆనించిన విత్తే గొర్రు, వసారాలో పేర్చిన తొమ్మిది మూటల విత్తనపు శెనక్కాయలు, అవ్వ చేతిలో తడిమట్టి ఉండ, నా చేతిలో పొడుగు నోటు పుస్తకం. వాన వెలిసి అర్ధగంట అయింది. నాయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. నేను జవాబు చెప్పాను. జవాబులో ఉన్నవి నాలుగు మాటలు. అందులో ఒకటి నేను తెలిసి చెప్పిన అబద్ధం.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల నాయన పోయాడు. కర్మ అయిన మరుసటి రోజు ఆయన రేకు పెట్టె తెరిచాను. గేటు పాసులు నాలుగు, ఈల ఒకటి, ఎండకు వెలిసిన ఎర్ర జెండా గుడ్డ ఒకటి, ఒక కాలు విరిగిన కళ్ళద్దాలు. అన్నిటి కింద ఆ పొడుగు నోటు పుస్తకం. అది పోయిందని ఒకప్పుడు ఆయనకు చెప్పింది నేనే.

నేను పాలిటెక్నిక్ చదివి గాలిమరల దగ్గర పని చేస్తున్నాను. గాలి ఎటునుంచి వస్తోంది, ఎంత వేగంతో వస్తోంది, పది నిమిషాలకు ఒకసారి కొలిచి రాయడం నా ఉద్యోగం. కొలిచి రాసే అలవాటు మాత్రం ఉద్యోగంతో వచ్చింది కాదు. ఆ పుస్తకంతో వచ్చింది.

మా చేలకు ఉత్తరాన చిన్న విమానాశ్రయం ఉండేది. వారానికి మూడుసార్లో నాలుగుసార్లో ఒక తెల్ల విమానం దిగేది. అందులోంచి ఇస్త్రీ బట్టల మనుషులు దిగి కార్లెక్కి పోయేవాళ్ళు. వాళ్ళు మాకు పట్టేవాళ్ళు కాదు. మాకు పట్టింది రన్‌వేకి రెండు పక్కలా పెరిగే గడ్డి. చుట్టూ నేల పెనంలా కాలుతుంటే కంచె లోపల మాత్రం మోకాటెత్తు బోద గడ్డి. అది పెరిగితే పిట్టలు చేరతాయి, పిట్టలు చేరితే విమానానికి ముప్పు. అందుకని వాళ్ళే మా ఊరివాళ్ళను కొడవళ్ళతో లోపలికి రానిచ్చేవాళ్ళు. గడ్డి కోసి మోపు కట్టి తెచ్చుకోవచ్చు. కరువు ఏళ్ళలో మా ఎద్దులు బతికింది ఆ గడ్డితోనే.

కోసేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. అందరూ వరసలో కూర్చుని కోయాలి. జెండా మామ ఎర్ర జెండా ఎత్తి ఈల ఊదితే, కొడవలి ఎక్కడిదక్కడ వదిలి, సున్నం కొట్టిన రాళ్ళ వరస దాటి కూర్చోవాలి. విమానం దిగి, దుమ్ము సర్దుకుని, జెండా దించాక మళ్ళీ లోపలికి. ఆ ఆగిన సేపట్లోనే సద్ది మూటలు విప్పేవాళ్ళు. సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి, ఎర్రగడ్డ. ఊరిబిండి పేరు వింటే నాకు ఇప్పటికీ విమానం నూనె కాలిన వాసన కూడా వస్తుంది. రెండూ కలిసే నాకు అలవాటయ్యాయి.

జెండా మామ మా ఎదురిల్లే. పిట్టల్ని తోలడం, కుక్కల్ని తరమడం, జెండా ఎత్తడం ఆయన పని. పిట్టల కోసం టపాకాయలు కాల్చేవాడు, అందుకని ఆయన చొక్కా ఏడాది పొడుగునా దీపావళి వాసన కొట్టేది. రంజాన్‌కు మా ఇంటికి గిన్నెడు సేమియా వచ్చేది. నన్ను అల్లుడా అనేవాడు. "తెల్లది మనది అల్లుడా, బూడిదది వాళ్ళది" అని విమానాల్ని రెండు జాతులుగా విడదీసి చెప్పింది ఆయనే. వాళ్ళు అంటే పట్టాళం వాళ్ళు, మిలిటరీ. అప్పటికి బూడిదది నేను చూడలేదు.

ఇంట్లో విత్తనం అవ్వ చేతికింద ఉండేది. పంట వచ్చిన ఏడాది కాయల్ని ఒక్కొక్కటి చెవి దగ్గర ఊపి, గలగలమన్నవాటిని విత్తనానికని పక్కన పెట్టి, ఎండబెట్టి, వేపాకు వేసి మూటలు కట్టేది. వరసగా రెండేళ్ళు వాన లేక ఊళ్ళో చాలామంది విత్తనాన్ని ఉడకేసుకుని తినేశారు. మా చిన్నాయనా అంతే. మా తొమ్మిది మూటలు కదల్లేదు. వేపాకూ మట్టీ కలిసిన ఆ మూటల వాసన మధ్యే నేనూ చెల్లెలూ పడుకునేవాళ్ళం. ఒకటీ అరా కాయ దొంగతనంగా తింటే అవ్వ పిలిచి "ఊదు" అనేది. ఊదితే పచ్చి శెనక్కాయ గింజ వాసన ఆమె ఎంత దూరంలో ఉన్నా పట్టేది. వాసన పోవాలని చెల్లెలు ఒకసారి చింతాకు నమిలింది. "ఓహో, ఈపొద్దు చింతాకు కూడా పెట్టుకోని తిన్నావా?" అని వీపు మీద ఒకటేసింది అవ్వ.

ఆ ఏడు మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర వచ్చింది. వాన రాలేదు. సర్కారు విమానం పంపుతుందని, అది మబ్బుల్లోకి పోయి ఉప్పు చల్లితే వాన పడుతుందని టీ అంగట్లో మాట పుట్టింది. మా సైన్సు సారు కూడా బోర్డు మీద మబ్బు గీసి, అది నిజమే, అలా చేస్తారని చెప్పాడు. వారం తిరగకుండా బూడిద రంగు విమానం వచ్చింది.

నాలుగు ఇంజన్ల విమానం. దాని చప్పుడుకు మా ఇంటి రేకులు వణికేవి. మొదటి రోజే అది పదకొండుసార్లు వచ్చింది, పదకొండుసార్లు పోయింది. మబ్బుల్లోకి దూరి, కొంచెం సేపటికి మళ్ళీ దిగేది. ఊరంతా కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"ఉప్పు విమానమే. ఇంగేముండాది?" అన్నాడు చిన్నాయన.

"పట్టాళందేమో" అన్నారు ఎవరో.

"పట్టాళం వాళ్ళకి ఈడ ఏం పనప్పా? మన కంది చెట్లతో యుద్ధమా?"

అందరూ నవ్వారు. జెండా మామను అడిగారు. ఆయన ముఖం తిప్పుకున్నాడు. "నన్ను అడగాకండప్పా. బూడిద దాని గురించి మాట్లాడితే పనిలోనుంచి తీసేస్తామన్నారు."

మామూలు ఊరైతే ఆ మాటతో సంగతి అర్థమయ్యేది. మా ఊరికి వేరేగా అర్థమయింది. "చూసినారా!" అన్నాడు చిన్నాయన తొడ చరిచి. "వాన విమానం మనకొచ్చిందని తెలిస్తే గోరంట్లోళ్ళు మాకు కావల్ల అంటారు, బత్తలపల్లోళ్ళు మాకు కావల్ల అంటారు. కొట్లాటలైతాయి. అందుకే గుట్టు!" వానను కూడా దాచిపెట్టి ఇస్తారని నమ్మడానికి మా ఊళ్ళో ఎవరికీ కష్టం కాలేదు. ట్యాంకరు నీళ్ళు అలాగే వచ్చేవి. ఏ వీధికి ముందు వస్తుందో డ్రైవరు ఎవరికీ చెప్పేవాడు కాదు.

రన్‌వే వేసినప్పుడు మిగిలిన కంకర దిబ్బ ఒకటి మా చేను గట్టు మీద ఉండేది. దాని మీద ఎక్కితే రన్‌వే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కనపడేది. పెద్దవాళ్ళకు ఎక్కే తీరిక లేదు. నేను ఎక్కాను. పొడుగు నోటు పుస్తకంలో బూడిద విమానాల కోసం ఆరు గడులు గీశాను: వరస సంఖ్య, వచ్చిన పొద్దు, ఇంజన్లు, రంగు, పోయిన దిక్కు, ఆగిందా. పొద్దు, దిక్కు గడులు రోజుకో రకంగా నిండేవి. ఆరో గడిలో మాత్రం పైనుంచి కింద దాకా ఒకటే మాట: లేదు. లేదు. లేదు.

అది ఆగేది కాదు. చక్రాలు నేలను తాకేవి, టైర్ల దగ్గర చారెడు పొగ లేచేది, అంతే, ముక్కు ఎత్తి మళ్ళీ లేచిపోయేది. దిగడం నేర్చుకునేవాళ్ళు అలా చేస్తారని తరవాత చదువుకున్నాను. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఆగని విమానంలోకి ఉప్పు ఎక్కించడం కుదరదు.

పుస్తకం పుణ్యమా అని నాకు ఊళ్ళో పేరొచ్చింది. టీ అంగడి దగ్గర నాయన నా భుజం మీద చెయ్యి వేసి "మావోడు లెక్క రాస్తాండాడు. ఈపొద్దు ఎన్ని రా?" అనేవాడు. "తొమ్మిది" అనేవాడిని. పెద్దవాళ్ళు తలలూపేవాళ్ళు. ఆరో గడి సంగతి ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం వాన పడింది. ఇరవై నిమిషాలు. వాకిట్లో గుంతలు కూడా నిండలేదు, కానీ మట్టి వాసన లేచింది. రెండేళ్ళ తరవాత లేచిన వాసన. ఎద్దులు మెడలు ఎత్తి ముక్కులు ఎగరేశాయి. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అవ్వ చేనుకు పోయి పుల్లతో గుంత తవ్వి మట్టి తెచ్చింది. ఉండ చేసి మా అందరి ముందరా అరచేతిలో పట్టుకుంది.

"వేలెడు తడిసింది" అంది. "జానెడు కావల్ల. ఇది పదును కాదు పెద్దోడా. ఇత్తనం తీయాకు."

"అమ్మా, ఇది మామూలు వాన కాదు కదా" అన్నాడు నాయన. "విమానం దినామూ వస్తాండాది. రేపో మన్నాడో ఇంగోటి పడతాది. కార్తె దాటిపోతే ఈ కాయలు మళ్ళేడుకి మొలుస్తాయా? ఇప్పటికే పాతవైనాయి."

"దున్ని ఎయ్యి అన్నా! నా ఇత్తనం కడుపులో ఉండాది, నీదన్నా చేన్లో ఉండనీ" అన్నాడు చిన్నాయన.

నాయన జెండా మామ వైపు తిరిగాడు. "బావా, నువ్వు ఆన్నే ఉంటావు. ఒక్క మాట చెప్పు. ఇంగా ఎన్నాళ్ళుంటాది?"

"అడగాకు బావా. పిల్లోళ్ళు ఉండారు నాకు."

అప్పుడు నాయన నన్ను అడిగాడు. "రేయ్, నువ్వు చూసినావు కదా. అది ఉప్పు యాడ నింపుకుంటాది?"

ఏడుగురిలో ఆరుగురు నా వైపు చూశారు. నాయన కళ్ళల్లో అప్పటికే చేను పచ్చగా ఉంది. ఆగడం లేదని అంటే నా పుస్తకం, నా పేరు, ఆ సాయంత్రం, ఆ వాసన, అన్నీ అక్కడితో అయిపోతాయి.

"ఆడ ఆగి నింపుకుంటాది నాయనా" అన్నాను.

జెండా మామ నన్ను చూశాడు. ప్రతి విమానాన్నీ నాకంటే దగ్గరగా చూసే మనిషి. "నమాజుకు పొద్దాయ" అని లేచి, చెప్పులు వేసుకోవడం మరచి, వీధి దాటి వెళ్ళిపోయాడు. ఆ చెప్పుల్ని తరవాత చెల్లెలు ఇచ్చొచ్చింది.

అవ్వ మట్టి ఉండను వాకిట్లో జారవిడిచింది. అది విచ్చిపోయింది. ఎవరూ చూడలేదు.

మరుసటి రోజు మూటలు విప్పారు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. ఎండిన కాయను వేళ్ళతో ఒత్తి ఒలవాలి. గింజ మీది ఎర్రపొర చిరగకూడదు, చిరిగితే మొలవదు. అవ్వ మధ్యలో పీట వేసుకుని కాపలా కూర్చుంది. "మాట్లాడతాండండి! ఎవురి నోరు మూగబోతే వాళ్ళని లేపేస్తా. నోట్లో గింజ ఉంటేనే మాట రాదు" అంది. ఇంక చూడాలి. కోడళ్ళ మీద, మొగుళ్ళ మీద, ఉప్పు విమానం మీద రెండు రోజులు ఆగకుండా మాటలు. "మావోడికి కూర ఉప్పగుంటే అరుస్తాడు, ఇప్పుడు వాన ఉప్పగుంటే ఏమంటాడో" అని ఒకామె అంటే అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ అంతలా నవ్వడం నాకు అదే గుర్తు. నా బొటనవేళ్ళు పుండ్లు పడ్డాయి. నేను ఒక్క గింజ కూడా తినలేదు. అవ్వ ఊదమని కూడా అనలేదు.

మూడో రోజు గొర్రు కట్టారు. నాయన మేడి పట్టాడు, అమ్మ వెనక నడుస్తూ గొర్రు మీది జడ్డిగం గిన్నెలో గింజలు వదిలింది. తలల మీదుగా బూడిద విమానం ఎంత కిందుగా పోయిందంటే, ఎద్దులు బెదిరాయి. నాయన వాటిని నిలబెట్టి, తలగుడ్డ తీసి, విమానానికి దండం పెట్టాడు. నేను కంకర దిబ్బ మీద ఉన్నాను. ఆ రోజు కూడా ఆరో గడిలో లేదు అనే రాశాను. నోటితో చెప్పిన అబద్ధాన్ని గడిలో రాయడానికి చెయ్యి రాలేదు.

పంతొమ్మిదో రోజు తరవాత విమానాలు రాలేదు. మబ్బులు కూడా రాలేదు. వేలెడు తడికి కొన్ని గింజలు పగిలి మొలకెత్తాయి. బఠాణీ గింజంత ఆకులు. వారం తిరిగేసరికి సాళ్ళ వెంబడి అవి మాడిన అగ్గిపుల్లల్లా నిలబడ్డాయి. మొలవనివాటిని పిట్టలు తవ్వుకున్నాయి. అవ్వ పొద్దున్నే చిన్న పుల్లా సత్తు గిన్నే తీసుకుని చేనుకు పోయి, సాలు సాలుకూ కూర్చుని, పగలని గింజల్ని ఏరుకొచ్చేది. నాయన వద్దన్నా వినలేదు. నాలుగు రోజులకు గిన్నె నిండింది. కడిగి ఎండబోసి, చిన్న గుడ్డలో కట్టి, మూటలు ఉండిన చోట పెట్టింది. అంత పెద్ద వసారాలో ఆ పిడికెడు గుడ్డ మూట.

పుస్తకాన్ని నేను ఎద్దుల కొట్టం కప్పులో, వాసానికీ బోదకూ మధ్య దాచేశాను.

గడ్డి కూడా అయిపోయాక ఎద్దులు సంతకు పోయాయి. నాయన వాటి మెడగంటలు విప్పి ఇంట్లో పెట్టి, ఉత్త తాళ్ళతో తోలుకుపోయాడు. ఆ తరవాత మాకు సేద్యం లేదు. కొన్నాళ్ళకు జెండా మామే వచ్చి నాయనను విమానాశ్రయంలో పనికి పెట్టించాడు. "రెండో జెండా మనిషి కావల్లంట బావా, నేను చెప్పినా" అన్నాడు, నా వైపు చూడకుండా. పదేళ్ళ వయసు నుంచి పిట్టల్ని తన చేనులోంచి తోలిన మనిషి, రన్‌వే మీద తోలడానికి పోయాడు.

చేరిన మూడో నెలలో బూడిద విమానం మళ్ళీ వచ్చింది. ఆ సాయంత్రం నాయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, సంగటి ముందర కూర్చున్నాడు.

"రేయ్, నీ పుస్తకం ఉండాదా?"

"పోయింది నాయనా."

"యాడ పోయింది?"

"తెలీదు."

ఆయన నన్ను చూశాడు. కోపంగా కాదు. ఎండలో దూరంగా వచ్చే మనిషి ఎవరో పోల్చుకునేటప్పుడు చూసినట్టు. "పోనీలే" అని సంగటి కలుపుకున్నాడు.

అంతే. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. నేను పాలిటెక్నిక్‌లో చేరే రోజు చిన్నాయన నవ్వుతూ "ఏమప్పా ఇంజనీరూ, ఈసారన్నా వాన విమానం కనిపెడతావా?" అన్నాడు. నాయన చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "వాడు చూసింది వాడు చెప్పినాడు. నువ్వు దిబ్బ ఎక్కి చూసినావా? చూడనోనికి ఏం మాటలు?" అన్నాడు. అప్పటికి ఆయన ఆ రన్‌వే పక్కన నిలబడి అయిదేళ్ళు. నేను తల వంచుకుని సంచి సర్దుకున్నాను. ఆ రోజు చెప్పి ఉండాల్సింది. అవ్వ పోయిన రోజు చెప్పి ఉండాల్సింది. ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చున్న ఆరు రోజుల్లో ఏ రోజైనా చెప్పి ఉండాల్సింది. ఆరు రోజులూ సెలైను చుక్కలు లెక్కపెట్టాను.

కర్మ మరుసటి రోజు పుస్తకం తెరిచాను. కొట్టం విప్పినప్పుడు ఆయనకు దొరికి ఉంటుంది. మొదటి పేజీలన్నీ నా గుండ్రటి చేతిరాత. నూట పద్దెనిమిదో వరస దగ్గర నేను ఆపేశాను. పేజీ తిప్పాను.

నూట పంతొమ్మిది నుంచి నాయన రాత. రెండో తరగతితో బడి మానేసిన మనిషి రాత, ఒక్కో అంకె ఒక్కో ఎత్తులో. ఆయన నేను గీసిన గడులనే స్కేలు లేకుండా కిందికి పొడిగించుకున్నాడు. పొద్దు, ఇంజన్లు, రంగు, దిక్కు, ఆ నాలుగు గడులూ ఖాళీగా వదిలేశాడు. నింపింది రెండే: మొదటిది, ఆరోది. ప్రతి వరసలోనూ ఆరో గడిలో "లే" అని చిన్నగా. కొన్నిచోట్ల పెన్సిలు, కొన్నిచోట్ల బాల్ పెన్ను, వాన పడి అలుక్కుపోయిన పేజీ ఒకటి. రోజులు కాదు, నెలలు కాదు, ఏళ్ళు. చివరి పేజీ చివరి గీత దాకా. ఆయన ఆ రన్‌వే పక్కన జెండా పట్టుకుని, బూడిదది ఒక్కటైనా ఆగుతుందేమోనని చూస్తూ ఉన్నాడు. ఒక్కటి ఆగితే చాలు, నేను ఆ సాయంత్రం చెప్పింది నిజం అయ్యేది.

వీధికి అవతల జెండా మామ ఇప్పుడు చూపు సరిగా లేక అరుగు మీదే కూర్చుంటాడు. పుస్తకం తీసుకుపోయి పక్కన కూర్చున్నాను. ఏ పుస్తకమో చెప్పాను. ఆయన దాన్ని తడిమి, మూసి, నా ఒళ్ళో పెట్టాడు.

"నన్ను కూడా అడిగేవాడు అల్లుడా, సెలవు మీద పోయొచ్చినప్పుడల్లా. నేను లేని దినాల్లో ఏమన్నా ఆగిందా బావా, అని."

ఇంటికొచ్చి వరసలన్నీ రెండుసార్లు కూడి చూశాను. నా వరసలు నూట పద్దెనిమిది. నాయనవి నాలుగు వందల ఆరు. నేలను తాకినవి మొత్తం ఐదు వందల ఇరవై నాలుగు. ఆగినవి సున్నా.